షర్క్‌లో ఒక వేసవి: గోడ కట్టినోళ్లు, గుంత తవ్వినోళ్లు

ఈ వారం ఎపిసోడ్ డ్యూటీలో ఉండి వినలేకపోయామని చాలామంది అన్నారు. అందుకే ఆ మాటల్నే కొంచెం సర్ది, అక్కడ చెప్పడం మర్చిపోయినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. రూములో పడుకునే ముందు చదువుకోండి.

మాలియాలో బస్సు దిగి సముద్రం వైపు నడిస్తే వచ్చే పేట షర్క్. అరబ్బీలో షర్క్ అంటే తూర్పు. పాత కువైట్ ఊళ్లో తూర్పు పేట షర్క్, పడమటి పేట జిబ్లా, లోపలి వైపు మిర్గాబ్. మనకి షర్క్ అంటే చేపల మార్కెట్, అమీరీ ఆసుపత్రి, అద్దాల బిల్డింగులు, వాటి మధ్య కార్లు నిలబెట్టే ఇసక ఖాళీలు. ఇంత ఖరీదైన చోట అన్ని ఖాళీలు ఎందుకున్నాయని మీకెప్పుడైనా అనిపించిందా? నాకు 2016 ఎండాకాలంలో అనిపించింది. అప్పుడు నేను బీటెక్ సివిల్ మూడో సంవత్సరం పూర్తిచేసి, సెలవులకి నాయన దగ్గరికి వచ్చాను.

మా సొంతూరు రాజంపేట పక్కన. నాయన 1994లో కువైట్ వచ్చాడు. మొదట గుంతలు తవ్వే హెల్పరు, తర్వాత పైపులేసే మేస్త్రీ, ఆ తర్వాత ఫోర్‌మన్. నేను ఇంటర్ దాకా ఇక్కడే అబ్బాసియాలో చదివాను. కాలేజీలో వేసవి ట్రైనింగ్ చెయ్యాలన్నారు. నాయనకి తెలిసినాయన ఎవరో మాట సాయం చేస్తే, షర్క్‌లో రోడ్లు, మురుగు కాలవల మరమ్మత్తు చూసే ఒక ఆఫీసులో ఎనిమిది వారాలు కూర్చోనిచ్చారు. పని ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖది. దాన్ని ఇక్కడ అష్గాల్ అంటారు. చెత్త, బిల్డింగ్ పర్మిషన్లు చూసేది బలదియా. మనవాళ్లు రెంటినీ కలిపి బలదియా అనేస్తారు గానీ రెండూ వేరే.

జీతం లేదు. నా పని పాత డ్రాయింగులు స్కాన్ చేసి, నంబర్లు వేసి, పొద్దున ఆరింటికి సైటుకి పోయి డ్రాయింగులో ఉన్న మ్యాన్‌హోల్ నిజంగా అక్కడ ఉందో లేదో చూసి రావడం. మొదటి రోజే ఒక ఈజిప్టు ముహందిస్, పెద్దాయన, మీ నాన్న ఏం చేస్తారని అడిగాడు. "కంపెనీలో సూపర్‌వైజర్ సార్" అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు. కానీ గుంతలో దిగి పైపులేస్తాడని చెప్పడానికి నోరు రాలేదు. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు షర్క్ కథ చెప్పాలి.

నూనె రాకముందు షర్క్ సముద్రం మీద బతికిన పేట. ముత్యాల కోసం మునిగేవాళ్లు, పడవలు కట్టే వడ్రంగులు, సరుకు పడవల నకోదాలు ఇక్కడివాళ్లే. ఒడ్డు పొడుగునా పడవలకి అడ్డంగా రాతికట్టలు ఉండేవి. ఆ పడవల చెక్క మన దేశంది, మలబారు టేకు. ఇళ్ల కప్పులకి వేసే దుంగలు తూర్పు ఆఫ్రికా తీరం నుంచి వచ్చేవి. ఆ దుంగ ఎంత పొడవుంటే గది వెడల్పు అంతే. అందుకే పాత కువైట్ గదులన్నీ ఇరుకుగా, పొడుగ్గా ఉండేవి. గోడలు సముద్రపు రాయి, మట్టి ఇటుక. చెలామణీ అయ్యే డబ్బు మన రూపాయి. 1961లో కువైట్ దీనార్ వచ్చేదాకా ఇదే నడిచింది. చివరి రెండేళ్లు మాత్రం మన రిజర్వ్ బ్యాంకే గల్ఫ్ కోసం వేరే రంగులో రూపాయి నోట్లు వేసింది. మార్చినప్పుడు లెక్క ఒక దీనార్‌కి పదమూడు రూపాయల మూడో వంతు. ఇప్పుడు రేటు చూసి నవ్వుకోండి.

నీళ్ల సంగతి ఇంకా చిత్రం. ఊళ్లో బావుల నీళ్లు ఉప్పన. ఇరాక్ వైపు షట్టల్ అరబ్ నది నుంచి పడవల్లో తియ్యటి నీళ్లు తెచ్చి అమ్మేవాళ్లు. 1939లో దానికోసం ఒక కంపెనీయే పెట్టారు. ఒడ్డు నుంచి ఇళ్లకి నీళ్లు మోసేవాణ్ణి కందరీ అనేవాళ్లు. భుజం మీద బద్ద, రెండు వైపులా రెండు డబ్బాలు. మన ఊళ్ల కావడి లాంటిదే. సముద్రపు నీటిని తియ్యగా మార్చే ప్రభుత్వ ప్లాంటు షువేఖ్‌లో 1953లో మొదలైంది. షర్క్ చివర, దస్మాన్ పక్కన నిలబడి ఫోటోలు దిగుతామే, ఆ కువైట్ టవర్స్ 1979లో తెరిచారు. అవి బొమ్మ కోసం కట్టినవి కావు, నీళ్ల ట్యాంకులు. మూడింట్లో రెండు నీళ్లు మోసేవే. కందరీ భుజం మీద నుంచి ఆ గుండ్రటి ట్యాంకులోకి నీళ్లు ఎక్కడానికి ఒక మనిషి జీవితమంత కాలం కూడా పట్టలేదు.

ఈ ఊరికి మూడుసార్లు గోడ కట్టారు. మూడోది 1920లో. ఆ సంవత్సరం మే నెలలో హమ్ద్ దగ్గర నజ్ద్ వైపు ఇఖ్వాన్ దళాల చేతిలో కువైట్ వాళ్లు దెబ్బతిన్నారు. ఊరు మీదికి ఎప్పుడొస్తారో తెలియదు. అప్పటి పాలకుడు షేక్ సాలిం అల్ ముబారక్ గోడ కట్టమన్నారు. కాంట్రాక్టరు లేడు, టెండరు లేదు. ఒక్కో పేట నుంచి మనుషులు వంతులేసుకుని మట్టి కలిపారు, గాడిదల మీద మోశారు. అదే సమయానికి రంజాన్ వచ్చింది. పగలు ఉపవాసం, రాత్రి పని. ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డు దాకా దాదాపు ఆరు కిలోమీటర్ల గోడ నాలుగు నెలల్లో లేచింది. అది అయిన కొద్ది వారాలకే, అక్టోబరులో, జహ్రా యుద్ధం. అంటే ఆ గోడ ఒక ఎండాకాలం పని. ఎవరి ఇంటి కోసం వాళ్లు చేసుకున్న పని.

నేను షర్క్‌లో తిరిగిన 2016 వేసవిలో కూడా రంజాన్ జూన్‌లోనే వచ్చింది. మా సైటులో గుంతలు రాత్రిళ్లు తవ్వేవాళ్లు. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని చేయించకూడదనే రూలు జూన్ నుంచి ఆగస్టు దాకా ఉంది కదా. ఆ జులై 21న కువైట్ ఎడారిలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు కొట్టింది. ఆసియాలో ఇప్పటిదాకా ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకున్న అంకెల్లో అదే పెద్దది. ఆ రోజు ఆఫీసు ఏసీలో కూర్చుని నేను గోడ గురించి చదువుతున్నాను. నాయన ఆ టైముకి ఎక్కడో నీడన తడిగుడ్డ తలకి కట్టుకుని నాలుగు ఎప్పుడవుతుందా అని చూస్తున్నాడు.

సరే, ఊళ్లో ఒక ఆఫీసు అంటూ వచ్చింది 1930లో. బలదియా పుట్టింది అప్పుడే. అంతకుముందే బహ్రెయిన్‌లో మున్సిపాలిటీ ఉంది. దాన్ని చూసొచ్చిన షేక్ యూసుఫ్ బిన్ ఈసా అల్ ఖినాయి మనకీ ఒకటి కావాలని పట్టుబట్టారు. దిగుమతి సరుకు మీద వేసిన చిన్న పన్నుతో నడిచింది. వీధులు ఊడ్చడం, దీపాలు, బజారు శుభ్రం, ఇవీ మొదటి పనులు. అప్పటికి ఇంకా నూనె దొరకలేదు. పైగా జపాన్ కల్చర్ ముత్యాలు వచ్చి ముత్యాల బేరం పడిపోయిన రోజులు. డబ్బు లేనప్పుడు మొదలుపెట్టిన ఆఫీసు అది.

నాలుగేళ్లకే వాన పరీక్ష పెట్టింది. ఇక్కడ ఏడాది మొత్తం మీద పడే వాన నూట పది, నూట ఇరవై మిల్లీమీటర్లు. మన రాయలసీమ కరువు ఏడు కూడా దీనికంటే నయం. అలాంటి ఊళ్లో 1934 డిసెంబరులో ఒక్క పూట కుండపోత కురిసింది. మట్టి ఇళ్లు కరిగి కూలిపోయాయి. ఆ ఏడుకి హదామా సంవత్సరం అని పేరు, అంటే కూల్చేసిన ఏడు. పెద్దోళ్లు వయసు చెప్పుకోవాలంటే హదామాకి ముందు, తర్వాత అని లెక్క పెట్టుకునేవాళ్లట. మనవాళ్లు దివిసీమ ఉప్పెన ముందు, తర్వాత అన్నట్టు. 1954లో మళ్లీ అలాంటి వానే వచ్చి దాన్ని రెండో హదామా అన్నారు.

ఈ రెండు వానల మధ్యలో ఊరే మారిపోయింది. 1938లో బుర్గాన్‌లో నూనె దొరికింది. యుద్ధం అయ్యాక 1946 జూన్ 30న మొదటి ఓడ నూనెతో బయల్దేరింది. 1949లో షర్క్ ఒడ్డున అమీరీ ఆసుపత్రి తెరిచారు. మనవాళ్లలో ఎంతమంది అక్కడ క్యూలో నిలబడ్డారో! 1951లో మినోప్రియో, స్పెన్స్‌లీ, మాక్‌ఫర్లేన్ అనే లండన్ ప్లానర్లు కొత్త ఊరికి మాస్టర్ ప్లాన్ గీశారు. గోడ బయట అర్ధచంద్రాకారంగా ఒకదాని వెనక ఒకటి రింగు రోడ్లు, వాటి మధ్య ఇళ్ల కాలనీలు. మనం ఫస్ట్ రింగ్, ఫోర్త్ రింగ్, సిక్స్త్ రింగ్ అంటామే, వాటి విత్తనం ఆ కాగితమే. పనులు పైనుంచి నడిపించడానికి 1952లో జనరల్ హేస్టెడ్ అనే బ్రిటిష్ ఆయన వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో ఇంజనీర్లకి పెద్దగా చేసినవాడు. ఐదు బ్రిటిష్ కంపెనీలకి పనులు పంచారు. ఖర్చు మీద గొడవలై రెండేళ్లకే ఆ ఏర్పాటు పోయింది.

గోడ ఏమైంది? 1957లో కూల్చేశారు. ద్వారాలు మాత్రం ఉంచారు. ఇప్పటికీ రౌండబౌట్ల పక్కన ఒంటరిగా కనిపిస్తాయి. గోడ ఉన్న గీత మీద చెట్లు పెట్టి పచ్చటి పట్టీ చేశారు. నాలుగు నెలలు రాత్రిళ్లు నిద్రలేకుండా కట్టింది ముప్ఫై ఏడేళ్లు నిలబడింది.

ఇప్పుడు ఆ ఖాళీ స్థలాల సంగతి. పాత ఊళ్లో రోడ్లు వెడల్పు చెయ్యాలంటే ఇళ్లు తీసెయ్యాలి. ప్రభుత్వం ఆ ఇళ్లని మార్కెట్ ధర కంటే చాలా ఎక్కువిచ్చి కొనేసింది. దీన్ని తస్మీన్ అంటారు, వెలకట్టడం అన్నమాట. నూనె డబ్బు జనానికి చేరడానికి అది కూడా ఒక దారి. షర్క్ వాళ్లు డబ్బు తీసుకుని కొత్త కాలనీల్లో విల్లాలకి పోయారు. ఇళ్లు పడ్డాయి, సిక్కాలు పోయాయి. సిక్కా అంటే సందు. కొన్న స్థలాలన్నిట్లో వెంటనే బిల్డింగులు లేవలేదు. చాలా చోట్ల ఇసకే మిగిలింది. మనం కారు పెట్టే ఇసకలో ఒకప్పుడు ఒకరి వంటిల్లు ఉండి ఉంటుంది. ఇంకా కూలని పాత బిల్డింగుల్లోకి బ్యాచిలర్లు వచ్చారు. ఒక్కో గదిలో ఎనిమిది మంచాలు.

ఈ మార్పుని లోపల ఉండి చూసి, గట్టిగా రాసినాయన ఒకరున్నారు. సాబా షైబర్. జెరూసలేంలో పుట్టిన పాలస్తీనా ఆర్కిటెక్టు. 1960లో కువైట్ పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. 1964లో కువైట్ పట్టణీకరణ మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం వేశారు. పాత ఊరిని అంత తొందరగా పడగొట్టడం తప్పనీ, కార్ల కోసం ఊరు గీస్తే మనిషి నడిచే చోటు పోతుందనీ ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటూనే రాశారు. 1968లోనే చనిపోయారు. బయటి దేశం నుంచి వచ్చిన ఉద్యోగి ఈ ఊరిని తన ఊరిలా చూసి పోట్లాడటం నాకు బాగా నచ్చింది. మనం ఎన్నేళ్లున్నా "మనకెందుకులే, ఖల్లీవల్లీ" అంటాం కదా.

1957లో తీసిన తొలి జనాభా లెక్కలో కువైట్‌లో సుమారు 2 లక్షల 6 వేల మంది. అందులో దాదాపు 45 శాతం బయటివాళ్లు. 1965 లెక్కకి మొత్తం 4 లక్షల 67 వేలు, బయటివాళ్లే ఎక్కువయ్యారు. గోడని ఊరివాళ్లు కట్టారు. రోడ్లని, కాలవల్ని వచ్చినోళ్లు తవ్వారు. ఎనిమిది వారాలు డ్రాయింగులు తిరగేస్తే నాకు అర్థమైంది అదే.

డ్రాయింగు మీద ఎవరి పేర్లుంటాయో చెప్తాను. కింద కుడి మూలన ఒక డబ్బా ఉంటుంది. గీసినవాడు, సరిచూసినవాడు, ఒప్పుకున్నవాడు, కన్సల్టెంటు, కాంట్రాక్టరు. తవ్వినవాడికి గడి లేదు. అది తప్పని నేను అనడం లేదు. కాగితం పద్ధతి అది. కానీ ఆ కాగితం ఎప్పుడూ నిజం చెప్పదు. పని అయ్యాక, ఎలా అయిందో చూసి గీసే యాజ్ బిల్ట్ డ్రాయింగు అని ఒకటుంటుంది. చాలాసార్లు ముందు గీసినదాని మీదే ముద్ర వేసి ఇచ్చేస్తారు.

షర్క్‌లో పైపు వెయ్యడం కష్టం. సముద్రం పక్కనే. రెండు మీటర్లు తవ్వితే ఉప్పునీళ్లు ఊరుతాయి. మోటార్లు పెట్టి తోడుతూనే పైపు దించాలి. ఆ ఉప్పుకి మామూలు సిమెంటు తినేసుకుపోతుంది, దానికి వేరే సిమెంటు వాడాలి. నేలంతా చదును కాబట్టి నీళ్లు వాటంతట అవి పారడానికి వాటం తీయడం ఇంకా కష్టం. వేలెడు తేడా వస్తే మురుగు నిలబడిపోతుంది. వాన కాలవలకి ఇంకో బెడద. ఏడాదిలో పది నెలలు వాటిలో నీళ్లుండవు, ఇసక నిండుతుంది. ఎవరూ తియ్యకపోతే వాన వచ్చిన రోజే తెలుస్తుంది.

జులై చివర్లో మా సైటులో ఒక మ్యాన్‌హోల్ దొరకలేదు. లైను నిండిపోయి ఒక బిల్డింగు సెల్లారులోకి మురుగు ఎగదన్నుతోంది. డ్రాయింగులో చూపించిన చోట రెండు రాత్రులు తారు కోసి తవ్వారు. అక్కడ మన్ను తప్ప ఏం లేదు. ఆ రెండు రాత్రులూ గుంతలో ఉన్నది ఇద్దరు బంగ్లాదేశీలు, ఒక నేపాలీ, మన గోదావరి జిల్లా తమ్ముడొకడు. తెల్లారేసరికి వాళ్ల చొక్కాల మీద ఉప్పు గీతలు కట్టేవి.

ఇంటికెళ్లి అన్నం తింటూ మాటల్లో నాయనకి చెప్పాను. ఏ వీధి అన్నాడు. చెప్పాను. కాసేపు ఊరుకుని, "అది మేం వేసిందే రా. అక్కడ పెద్ద కేబుల్ అడ్డమొచ్చింది. ఆపితే లేటవుతుందని పక్కకి తిప్పినాం. డ్రాయింగులో తిప్పలేదా?" అన్నాడు. క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో గీశాడు. మసీదు గోడ మూల నుంచి ఇన్ని అడుగులు, ఎలక్ట్రిక్ గది నుంచి ఇన్ని అడుగులు. పంతొమ్మిదేళ్ల కిందటి గుంత. "అప్పుడు నీకు రెండేళ్లు. ఫోటో పంపింది మీ అమ్మ. ఆ గుంత గట్టు మీదే కూచుని చూసినా" అన్నాడు.

ఆ కాగితం పట్టుకుని రాత్రి సైటుకి పోయాను. ఆ మూల నుంచి టేపు పెట్టి కొలిచాం. రెండు అడుగుల తేడాతో మూత తగిలింది, తారు కింద జానెడు లోతులో. ముహందిస్ నా వైపు తిరిగి ఎలా తెలిసిందని అడిగాడు. ఈసారి చెప్పాను. "మా నాన్న వేశాడు సార్. ఇక్కడ పైపులేసే మేస్త్రీ."

ఆయన ఏమంటాడో అని భయపడ్డాను. ఆయన ఏమీ అనలేదు. ఫోన్ ఇవ్వు, మాట్లాడతాను అన్నాడు. ఇద్దరూ అరబ్బీలో పావుగంట మాట్లాడుకున్నారు. నాయన అరబ్బీ నాకంటే బాగుంటుందని నాకు ఆ రాత్రే తెలిసింది. ఆ లైనులో ఇంకో రెండు చోట్ల కూడా డ్రాయింగు తప్పుందని నాయన చెప్పాడు. మర్నాడు నేనే వాటిని సరిదిద్ది గీశాను. పక్కన నోట్ రాయాలి. ఆయన రాయమన్నది "సైటు సమాచారం ప్రకారం" అని. పేరు రాయొచ్చా సార్ అని అడిగాను. గడి లేదన్నాడు. పద్ధతి కాదు గదా. నేనూ పట్టుబట్టలేదు. ఇప్పుడైతే పట్టుబట్టేవాణ్ణేమో.

2018 నవంబరులో కువైట్‌లో పెద్ద వానలొచ్చాయి. రోడ్లు వాగులయ్యాయి, అండర్‌పాసుల్లో కార్లు మునిగాయి, ఆ నెలలోనే పబ్లిక్ వర్క్స్ మంత్రి రాజీనామా చేశారు. మీలో చాలామంది చూసే ఉంటారు. అప్పటికి నేను ఇండియాలో ఉద్యోగంలో చేరాను. నాయనకి ఫోన్ చేసి షర్క్‌లో మన లైను ఎలా ఉందని అడిగాను. "పారింది లే" అన్నాడు. రెండు రాత్రులు డ్యూటీ చేసి వచ్చి ఉన్నాడు, వెంటనే నిద్రపోయాడు. ఆ తర్వాతి ఏడు ఉద్యోగం చాలించి ఊరికి వచ్చేశాడు.

చరిత్ర అంటే షేకుల పేర్లు, ప్లానర్ల పేర్లు మాత్రమే దొరకడానికి కారణం వాళ్లు రాసుకున్నారు, సంతకం పెట్టారు. 1920 గోడ కట్టినోళ్ల సంగతి కాస్తన్నా తెలుస్తోందంటే వాళ్ల మనవళ్లు ఇక్కడే ఉండి చెప్పుకుంటున్నారు కాబట్టి. మన వాళ్లు పని చేసి ఊరికెళ్లిపోతారు. అకామా అయిపోయిన రోజు గుర్తూ అయిపోతుంది. ఇంట్లో పిల్లలకి మనం పంపిన డబ్బు తెలుసు, చేసిన పని తెలియదు. నాకూ ఇరవై ఒకటో ఏట గానీ తెలియలేదు, అదీ ఒక మ్యాన్‌హోల్ మూత దొరక్కపోతే.

అందుకే ఒకటి అడుగుతాను. మీరు ఇక్కడ చేసిన ఒక్క పని గురించి, ఏ సంవత్సరం, ఏ వీధి, ఏం చేశారు, మూడు ముక్కలు ఒక నోటుపుస్తకంలో రాయండి. రాయడం రాకపోతే ఇంట్లో పిల్లలకి వాయిస్ పెట్టండి. ఇంట్లో పని చేసే అక్కలూ, మీరు పెంచిన పిల్లల గురించి చెప్పండి, అదీ ఈ ఊరి చరిత్రే. నాకు పంపితే వచ్చే ఎపిసోడ్లలో చదువుతాను, పేరు వద్దంటే పేరు లేకుండానే.

నాయన గీసిన ఆ క్యాలెండర్ కాగితం నా దగ్గరుంది. మొన్న లామినేషన్ చేయిస్తుంటే చూసి, "దాన్నెందుకురా, ఆ లైను ఇప్పటికి మార్చేసి ఉంటారు" అన్నాడు. మార్చి ఉండొచ్చు. వచ్చే వారం మాలియా బస్టాండు కథతో కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి, ఎండలో నీళ్లు తాగండి.